ఆరో తరగతికి జెడ్పీ హైస్కూల్లో చేరుస్తున్నారా? ముందుగా ఇవి చూసుకోండి

ఐదో తరగతి దాకా మీ పిల్లాడి బడిలో ఇద్దరో ముగ్గురో టీచర్లు ఉండి ఉంటారు. వాళ్లకి పిల్లాడు తెలుసు, మీరు తెలుసు, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేదో కూడా తెలుసు. హైస్కూల్ అలా ఉండదు. సబ్జెక్టుకో టీచరు, పీరియడ్‌కో బెల్లు, ఆరు నుంచి పది దాకా వందల మంది పిల్లలు. నేను ఆంధ్రాలో ఒక మండల కేంద్రంలోని జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్తున్నాను. మా అందరి దృష్టీ పదో తరగతి మీదే ఉంటుంది. డిసెంబర్ వచ్చిందంటే వంద రోజుల ప్రణాళిక, పొద్దున స్పెషల్ క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్లు, రోజూ స్లిప్ టెస్టులు, వాటి పేపర్లు దిద్దడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం. ఈ హడావుడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు వెనకబడితే వెంటనే ఎవరి కంటా పడదు. పదో తరగతి తప్పిన పిల్లల్లో చాలామందికి ఇబ్బంది మొదలైంది పదోలో కాదు, ఆరులోనే. అందుకే మొదటి రెండేళ్లూ మీ కన్ను ఉండాలి. ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో చెప్తాను.

ముందు కాగితాల పని

జూన్ 12న బడి తెరవకముందే, వేసవి సెలవుల్లోనే ఈ పని పెట్టుకోండి. ప్రైమరీ స్కూల్ ఇచ్చే రికార్డు షీటు, పిల్లాడి ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రికార్డు షీటులో ఒక్క అక్షరమే ఉంటుంది. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో ఒకచోట ఎక్స్ పెట్టి, ఇంకోచోట కె ఎస్ హెచ్ పెట్టి రాసి ఉంటారు. పుట్టిన తేదీ ఇంకా పెద్ద సమస్య. అప్పట్లో ఒకటో తరగతికి వయసు సరిపోవాలని ఏ జూన్ నెలో వేసి చేర్పించేసి ఉంటారు, సర్టిఫికెట్‌లో మాత్రం నవంబర్ అని ఉంటుంది.

దీన్ని చిన్న విషయం అనుకోకండి. బడి రికార్డులో ఉన్న పేరూ తేదీ యూడైస్ ప్లస్ అనే, బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్‌లోకి వెళ్తాయి, అక్కడ ఉన్నదీ ఆధార్‌లో ఉన్నదీ కలిస్తేనే పిల్లల చదువు రికార్డుకి ఇచ్చే పన్నెండంకెల అపార్ నంబర్ వస్తుంది, పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) కూడా ఆ వివరాలతోనే తయారవుతుంది. టెన్త్ మెమో మీద ఏ పేరు, ఏ తేదీ పడ్డాయో ఇంటర్ నుంచి పాస్‌పోర్టు దాకా అవే నడుస్తాయి. మెమో వచ్చాక సరిచేయించాలంటే ఫైలు హెచ్ఎం (హెడ్మాస్టర్) దగ్గర బయల్దేరి డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు మీదుగా పరీక్షల విభాగం దాకా వెళ్లాలి, మీరు పనులు మానుకుని దాని వెనకాల తిరగాలి. ఆరో తరగతిలో చూసుకుంటే ఆ తిరుగుడు చాలావరకు తప్పుతుంది. అలాగే ఆధార్‌లో వేలిముద్రలు పిల్లలకి ఐదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి అప్‌డేట్ చేయించాలి. ఐదేళ్లది చేయించారో లేదో ఈ వేసవిలోనే చూడండి. పదిహేనోది సరిగ్గా టెన్త్ హడావుడిలో వస్తుంది, అప్పుడు మర్చిపోకండి.

పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుల గురించి అందరూ అడుగుతారు. పిల్లకో పిల్లాడికో ఏడాదికి 15,000 అని లెక్క, అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది, మిగతా 2,000 బడి నిర్వహణకి వెళ్తుంది. 2025 జూన్‌లో వేసినప్పుడు ఇలాగే వేశారు. ఆగిపోయేది ఎక్కువగా తల్లి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు లేకపోవడం వల్ల. బ్యాంకుకి వెళ్లి లింకు ఉందా, ఏ ఖాతాకి ఉంది అని అడగండి, పాత ఖాతాకి లింకై ఉండి అందులో పడిన డబ్బు చూసుకోనివాళ్లూ ఉన్నారు. 75 శాతం హాజరు నిబంధన ఉందని కూడా గుర్తుంచుకోండి. కోతలకనో పెళ్లిళ్లకనో వరసగా మాన్పించేవాళ్లకి ఇది గట్టిగా చెప్తున్నాను.

చదువు ఎక్కడ ఆగిందో ఇంట్లోనే పట్టుకోవచ్చు

మీకు చదువు రాకపోయినా ఇది చేయగలరు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు పేజీని ఓ కాగితంతో మూసి, ఇంగ్లీషు లెక్కని పైకి చదవమనండి. చదివాక ఏం అడిగాడో మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే కాగితం తీసేసి తెలుగులో చదివి చేయమనండి. నా క్లాసులో ఇది తరచూ చూస్తాను: "డజను పెన్నుల ధర ఇంత అయితే ఐదు పెన్నులకి ఎంత" అన్న లెక్క దగ్గర పిల్ల నోటుబుక్కు తెరుచుకుని కదలకుండా కూర్చుంటుంది, తెలుగు పేజీ చూపించగానే గబగబా చేసేస్తుంది. ఆ పిల్లకి లెక్క వచ్చు, ఇంగ్లీషు వాక్యం అర్థం కాలేదు. ఇంకో పిల్లాడికి తెలుగులో చదివినా రాదు, వాడికి అసలు భాగహారమే రాదు. ఇద్దరికీ మార్కులు ఒకేలా తక్కువొస్తాయి, చేయాల్సింది మాత్రం వేరువేరు. మొదటి అమ్మాయికి రోజూ ఓ పావుగంట ఇంగ్లీషు వాక్యాలు చదివించి అర్థం చెప్పిస్తే చాలు, ట్యూషన్ అక్కర్లేదు.

రెండో రకం పిల్లల్ని పట్టుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. 824ని 8తో భాగించమనండి. జవాబు 103 రావాలి. చాలామంది 13 అని రాస్తారు. 8లో 8 ఒకసారి పోయింది, తర్వాత 2ని దించారు, అది 8కి సరిపోదు కదా అని సున్నా పెట్టకుండా 4ని కూడా దించేసి 24 చేసి 3 వేస్తారు. మధ్యలో సున్నా ఎందుకు పెట్టాలో తెలియని పిల్లలకి దశాంశాలు రావు, దశాంశాలు రాకపోతే శాతాలు రావు. రెండోది, సగానికి మూడోవంతు కలపమనండి. పైవి రెండూ కలిపి, కిందవి రెండూ కలిపి "రెండు బై ఐదు" అన్నారంటే భిన్నాల దగ్గర ఆగిపోయారని అర్థం. ఈ రెండూ దసరా లోపల సరిచేయించగలిగితే మీ పిల్లకి లెక్కలంటే భయం చాలావరకు పోతుంది. క్లాసు టీచర్‌కో లెక్కల టీచర్‌కో వచ్చి "సార్, మా అమ్మాయికి భాగహారంలో సున్నా దగ్గర తప్పుతోంది" అని చెప్పండి. అంత సూటిగా వచ్చి చెప్పినవాళ్ల పిల్లని ఏ టీచరూ మర్చిపోలేరు.

హిందీ సంగతి. మన సర్కారు బడుల్లో హిందీ ఆరో తరగతిలోనే మొదలవుతుంది. టెన్త్‌లో మిగతా వాటికి 35 రావాలి, హిందీకి 20 వస్తే పాస్. ఆ ధైర్యంతోనే అందరూ వదిలేస్తారు. ఎనిమిదోకి వచ్చినా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలున్నారు. సంక్రాంతికల్లా గుణింతాలు చదవగలుగుతున్నారో లేదో చూడండి చాలు, మిగతాది నెమ్మదిగా వస్తుంది.

టీచర్లని ఎప్పుడు కలవాలి, ఏం అడగాలి

పొద్దున ప్రేయర్ టైంకి రాకండి. ఆ అరగంటలో పిల్లల హాజరు, టీచర్ల హాజరు, యాప్‌లో ఫోటోలు, రాని టీచర్ పీరియడ్‌కి ఎవర్ని పంపాలన్న సర్దుబాటు, అన్నీ ఒకేసారి ఉంటాయి. హెచ్ఎం గారు మీ మాట వింటున్నట్టే ఉంటారు కానీ మనసు అక్కడ ఉండదు. మధ్యాహ్నం భోజనాలు సర్దుమణిగాక వచ్చి, క్లాసు టీచర్‌కి ఖాళీ పీరియడ్ ఎప్పుడో కనుక్కుని కలవండి. నాన్న కూలికో డ్యూటీకో పోయి రాలేకపోతే అమ్మమ్మ వచ్చినా, పెదనాన్న వచ్చినా ఫర్వాలేదు, ఎవరో ఒకరి ముఖం మాకు తెలిసి ఉండాలి.

"మావాడు ఎలా చదువుతున్నాడండి" అని అడిగితే "బాగానే చదువుతున్నాడండి, కొంచెం అల్లరి" అన్న జవాబే వస్తుంది. దాంతో మీకు ఒరిగేదేం లేదు. ఫార్మేటివ్ పరీక్ష (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) అయ్యాక వచ్చి జవాబుల పుస్తకం చూపించమనండి. ఇప్పుడు ఈ పరీక్షలు విడి కాగితాల మీద కాకుండా అసెస్‌మెంట్ పుస్తకాల్లోనే రాయిస్తున్నారు, ఒకదాని తర్వాత ఒకటి తిరగేస్తే పిల్లాడు ఎక్కాడో దిగాడో కళ్లకి కనిపిస్తుంది. మార్కుల కంటే ముందు ఖాళీగా వదిలేసిన ప్రశ్నలు చూడండి. తప్పు రాసినవాడు కనీసం ప్రయత్నించాడు, ఖాళీగా వదిలినవాడికి ప్రశ్నే అర్థం కాలేదో, టైమే చాలలేదో తెలుసుకోవాలి.

2024 డిసెంబర్ 7న మొదటిసారి రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) పెట్టారు, తర్వాత 2025 జులై 10న మళ్లీ పెట్టారు. నాకు ఆ రోజులంటే ఇష్టం. బడి గేటు దాటి ఎప్పుడూ లోపలికి రాని తల్లులు ఆ రోజు వచ్చి పిల్లల బెంచీల మీద కూర్చుంటారు. కానీ ఆ రోజు ప్రసంగాలు, ఆటలు, భోజనాలతో సందడిగా ఉంటుంది, మీ పిల్లాడి గురించి తీరిగ్గా పది నిమిషాలు మాట్లాడటం కుదరదు. ఆ రోజు పరిచయం చేసుకోండి, అసలు మాట తర్వాతి వారంలో వచ్చి మాట్లాడండి.

అన్నం, నీళ్లు

2025 జూన్ నుంచి బడి భోజనానికి సన్నబియ్యం వస్తోంది, అన్నం ముందుకంటే బాగుంటోంది, వదిలేసే పిల్లలు తగ్గారు. పథకానికి గోదావరి లంకల్లో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, అందుకు తగ్గట్టే నడవాలని నా కోరిక. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇచ్చే రోజులు మెనూలో రాసి ఉంటాయి. సాయంత్రం ఇంటికి రాగానే "తిన్నావా" అని కాకుండా "ఇవాళ ఏం కూర" అని అడగండి, తిననివాళ్లు తడబడతారు.

ఆడపిల్లల తల్లులకి ఒక్క మాట. పొద్దున ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోందా చూడండి. వందల మందికి ఉన్న టాయిలెట్లు కొన్నే, ఇంటర్వెల్ పది నిమిషాలు, లైన్‌లో నిలబడలేక నీళ్లు తాగడమే మానేసే పిల్లలున్నారు. తలనొప్పి, మూత్రంలో మంట అంటే కారణం అదే కావచ్చు. మీ అమ్మాయిని గట్టిగా అడగొద్దు, మెల్లగా అడగండి, లేడీ టీచర్‌తో మాట్లాడండి. టాయిలెట్లు శుభ్రంగా లేకపోయినా, నీళ్లు రాకపోయినా స్కూల్ కమిటీ మీటింగులో లేవనెత్తండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, అంటే అక్కడ మాట్లాడటం మీ హక్కు.

ఏడాదికో మార్పు వస్తే ఏం చేయాలి

2022లో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు, 2025లో ఆ పద్ధతి తీసేసి మళ్లీ ప్రైమరీకి పంపారు. వెయ్యి సర్కారు బడుల్లో సీబీఎస్‌ఈ పెట్టారు, 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకే తెచ్చారు. పిల్లలకిచ్చే పుస్తకాలు, యూనిఫాంల కిట్ల పేరు మారింది, భోజనం పేరు మారింది. 2025లో బదిలీలు జరిగాయి, మెగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికైన కొత్త టీచర్లు అక్టోబర్‌లో వచ్చారు. ఇన్ని మార్పుల మధ్య వాట్సాప్‌లో వచ్చే ప్రతి మెసేజ్‌కీ టెన్షన్ పడితే మనశ్శాంతి ఉండదు. క్లాసు టీచర్ నంబరు దగ్గర పెట్టుకోండి, అనుమానం వస్తే ఆయన్నో ఆవిడనో అడగండి. బదిలీలైన ఏడాది కొత్త టీచర్‌కి మీ పిల్లాడి గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, విసుక్కోకుండా చెప్పండి.

ఎనిమిదో తరగతిలో ఒక్క అవకాశం

పేద పిల్లలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, తొమ్మిదిలోకి వచ్చాక గుర్తొస్తే దారి లేదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 50 చాలు. అంటే ఏడో తరగతి మార్కులకి విలువ ఉందని పిల్లలకి అప్పుడే చెప్పండి. పేపరులో 90 ప్రశ్నలు బుద్ధికి పదును పెట్టేవి, 90 పాఠాల నుంచి వచ్చేవి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 చొప్పున పడుతుంది. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు జులైలోనే తీసి పెట్టుకోండి, దరఖాస్తు చివరి రోజుల్లో సచివాలయం దగ్గర, మీసేవ దగ్గర లైన్లు కడతారు.

వచ్చాక కూడా ప్రతి ఏడాదీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించాలి, అది మర్చిపోయి ఆపేసుకున్నవాళ్లు చాలామంది. టెన్త్‌లో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 55. ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలకే వర్తిస్తుంది, కాబట్టి టెన్త్ అయిపోగానే ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వోలకి మాట ఇచ్చేముందు ఈ రెండేళ్ల 24,000 కూడా లెక్కలో వేసుకోండి.