నీటి అడుగున ఉన్నదాన్ని కొలతకు పనికొచ్చేలా ఫోటో తీయడం ఎలా?

మునిగిన ఓడైనా, పగడపు దిబ్బైనా, మన ఊరి మోటబావి గోడైనా, పరిశోధన చేసేవాళ్లకు కావాల్సింది అందమైన ఫోటో కాదు, కొలవడానికి వీలయ్యే ఫోటో. ఎన్నిసార్లు చెప్పినా, డైవింగ్‌కి వెళ్లొచ్చిన కుర్రాళ్లు నాలుగొందల ఫోటోలు పంపి "అన్నా, వీటితో త్రీడీ మోడల్ అయితదా?" అని అడుగుతారు. తెరిచి చూస్తే ఒక ఫోటోకి ఇంకో ఫోటోకి పొత్తే ఉండదు.

సముద్రం లేని వరంగల్‌లో ఇదెట్లా నేర్చుకోవాలి అనకండి. నేను నేర్చుకున్నది పరకాల వైపు మా చిన్నాన్న వాళ్ల బావిలో, చిన్నప్పుడు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చిన బావిలోనే. అక్కడ చేయి కుదిరాకే విశాఖలో సముద్రంలోకి దిగాను.

సామాను పెద్దగా ఏం లేదు. నీళ్లలో పనిచేసే యాక్షన్ కెమెరా, రెండు వాటర్‌ప్రూఫ్ టార్చిలు, అరమీటరు పీవీసీ పైపు ముక్కలు రెండు. పైపులకి పది సెంటీమీటర్లకొకటి నలుపు, తెలుపు టేపు చుట్టి, లోపల ఇసుక నింపి మూతలు బిగించండి, ఇవే మన కొలకర్రలు. కెమెరా కేసు రబ్బరు రింగు కుక్కర్ గాస్కెట్ లాంటిదే, ఒక్క వెంట్రుక అడ్డం పడినా నీళ్లు దిగుతాయి, కాబట్టి ముందు ఖాళీ కేసుని బకెట్లో అరగంట ముంచి చూడండి.

బావిలో దిగేముందు మోటారు స్టార్టర్ ఆపితే సరిపోదు, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. గట్టు మీద తాడుతో ఈత వచ్చిన మనిషి ఉండాలి. గబగబా ఊపిరి పీల్చి వదిలి, దమ్ము బిగబట్టి మునగొద్దు, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. పాత మెట్ల బావులు, రక్షిత కట్టడాల జోలికి అనుమతి లేకుండా పోవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో, ముందురోజు నుంచి మోటారు వేయని బావిలో, ఎండ నిట్టనిలువుగా పడే మధ్యాహ్నం దిగండి. కెమెరాలో వణుకు సర్దే స్టెబిలైజేషన్ ఆపేయండి, జూమ్ ముట్టుకోవద్దు, షటర్ వేగం సెకనులో 1/125 వంతు కంటే తగ్గొద్దు, రా ఫైల్ (కెమెరా తనంతట తాను రంగులు దిద్దకుండా ఇచ్చే ఫోటో) వచ్చే కెమెరా అయితే అదే పెట్టుకోండి. జీపీఎస్ నీళ్లలో పనిచేయదు. అందుకే గట్టు మీదే ఫోన్‌లో గడియారాన్ని, లొకేషన్‌ని కెమెరాతో ఒక ఫోటో తీసుకుని దిగండి.

టార్చిలని కెమెరాకి ఆనించి పెట్టొద్దు. పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా అంతా తెల్లగా ఎట్లా అవుతుందో, నీళ్లలో నలకలు కూడా అట్లాగే వెలిగిపోయి ఫోటోని పాడు చేస్తాయి. చెరో చేతి దూరంలో, కొంచెం బయటికి తిప్పి పెట్టండి, వెలుగు అంచు మాత్రమే రాయి మీద పడాలి. నీళ్లు ఎరుపు రంగుని ముందు మింగేస్తాయి, తేట సముద్రంలో కూడా ఐదారు మీటర్లకే ఎర్రటి వస్తువు మట్టి రంగులో కనిపిస్తుంది. పగడం తెల్లబారిందా లేదా అన్నది రంగుని బట్టే తెలుస్తుంది కాబట్టి రంగుల అట్ట ఒకటి లామినేట్ చేయించి ఫ్రేములో పెట్టండి.

ఇక అందరూ పాడు చేసేది వరుసల దగ్గర. నిదానంగా చదవండి.

మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకే రాతి గుర్తుని వేర్వేరు చోట్ల నుంచి చూసి దాని లోతు లెక్కకడుతుంది. ఒకేచోట నిలబడి తల తిప్పినట్టు కెమెరా తిప్పుతూ వంద ఫోటోలు తీసినా దానికి లోతు తెలియదు. మీరే కదలాలి. గోడకి ఒక మీటరు దూరంలో, కెమెరా గోడకి ఎదురుగా పెట్టి, దుక్కి దున్నినట్టు సాలు పక్కన సాలుగా పోవాలి. ప్రతి ఫోటో ముందుదాని మీద గూనపెంకలాగా ఎక్కాలి, నూటికి 70 నుంచి 80 వంతులు పాతదే కనిపించాలి, కొత్తది కొంచెమే. పక్క సాలుకీ పాత సాలుకీ మధ్య కనీసం 60 వంతులు కలవాలి. ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే మోడల్‌లో అక్కడ బొక్క పడుతుంది.

అడ్డ సాళ్లు అయ్యాక నిలువు సాళ్లు కూడా తీయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత చదునైన గోడ మోడల్‌లో చాటలాగా వంగి కనిపిస్తుంది. కొలకర్రలు రెండూ ఫ్రేములోకి వచ్చేలా మెట్టు మీదో రాతి అంచు మీదో పెట్టండి, ఒకటి ఈ కొసన, ఇంకోటి ఆ కొసన. మధ్యలో కదిలించొద్దు.

అన్నిటికంటే ముఖ్యం కాళ్లు. నేను మొదటిసారి మూడో సాలులో ఉండగా మడమ కింద అరుగుకి తగిలింది. పాచిలోంచి బూడిద రంగు మడ్డి పొగలాగా లేచింది, రాయికి అతుక్కున్న నత్తగుల్ల కూడా కనిపించలేదు. గంటన్నర గట్టు మీద కూర్చుని మళ్లీ మొదటి సాలు నుంచి మొదలుపెట్టాను. మడ్డి లేస్తే ఆగి బయటికి రండి, "ఇంకో పది తీసేద్దాం" అనుకుంటే ఆ పది మిగతావాటిని కూడా చెడగొడతాయి. ఓడ శిథిలాల దగ్గరైతే కాలు తగలడం ఇంకా పెద్ద తప్పు. 2001 యునెస్కో ఒప్పందం నీటి అడుగు వారసత్వాన్ని ఉన్నచోటే కాపాడటాన్ని మొదటి మార్గంగా చూడాలంటుంది. ఒక పెంకు ముక్కని కూడా కదపొద్దు, ఫోటో కోసం సర్దొద్దు.

"వీడియో తీసి ఫ్రేములు లాగితే తొందరగా అయిపోతుంది కదా" అంటారు. వద్దు. వీడియోలో కదలికకి మసక వస్తుంది, ఫైలు సైజు తగ్గించడానికి కెమెరా చేసే కుదింపులో రాతి గీతలు పోతాయి. 2022లో టైటానిక్‌ని, 3,800 మీటర్ల లోతులో, మోడల్ చేసినవాళ్లు ఏడు లక్షలకు పైగా ఫోటోలు తీశారు. మీ బావి గోడకి మూడొందలు తీయడానికి బద్ధకం దేనికి?

సముద్రంలో జంతువులకి పద్ధతి వేరు. వేల్ షార్క్‌ని ఎదురుగా తీసిన ఫోటో ఎంత బాగున్నా అది ఏ చేపో చెప్పలేరు. మొప్పల చీలికల వెనక, ఎడమ పక్క ఉన్న చుక్కల వరస స్పష్టంగా రావాలి. ఆ వరస ఒక్కో చేపకి ఒక్కో తీరు, మన వేలిముద్రలాగా. వెంటపడి తరమొద్దు, పక్కన దూరంగా ఈదుతూ తీయండి.

ఇంటికొచ్చాక మూల ఫైళ్లని అట్లాగే ఉంచి కాపీ మీద పనిచేయండి. మూల ఫైలుని కత్తిరించి, రంగు దిద్ది పంపితే ఎవరికీ పనికిరాదు. లోతు, తేదీ, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి కలిపి పంపండి. మోడల్‌కి కొలత ఒక కర్రతోనే ఇవ్వండి, రెండో కర్రని మోడల్‌లో కొలిచి చూడండి. నాకు మొదటిసారి 50 సెంటీమీటర్ల కర్ర 46 వచ్చింది, మళ్లీ దిగి నిలువు సాళ్లు తీశాకే సరైంది. మీకూ తేడా వస్తే ఆ మోడల్ ఎవరికీ పంపకండి, మళ్లీ దిగండి.