బాలింత ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె దిగులు కనిపెట్టడం ఎలా?

ఆశా కార్యకర్త సంచిలో బిడ్డను తూచే కాటా ఉంటుంది, థర్మామీటరు ఉంటుంది. తల్లి దిగులును కొలిచేది మాత్రం ఏదీ ఉండదు, మాటల్లో రాబట్టుకోవలసిందే. బాలింతను పలకరించడానికి వెళ్ళే బంధువులకు కూడా ఇందులో చాలా మటుకు పనికొస్తుంది.

ముందు రోజులు లెక్కపెట్టండి. ఆసుపత్రి కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళాలి. మూడో రోజున ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. 21వ రోజున కూడా బాలింత గోడవైపు తిరిగి పడుకునే ఉంటే ఆగి ఆలోచించాలి.

తర్వాతిది అన్నిటికన్నా కష్టమైన పని: ఆమెను ఒంటరిగా కలవడం. మీరు బాలింతను అడిగితే ఆమె తల్లి జవాబు చెబుతుంది. "దానికేం, బాగానే ఉంది. పాలే సరిగా పడటం లేదు." అందుకే బిడ్డకు నీళ్ళు పోసే వేళకు వెళ్ళండి. అమ్మమ్మ పెరట్లో కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తుంటుంది. ఆపైన నలుగు, సాంబ్రాణి. ఈలోగా గదిలో బాలింత ఒక్కతే ఉంటుంది. అంత తీరిక మళ్ళీ దొరకదు.

"బాగున్నావా?" అని అడగకండి, "బాగున్నాను" అనే అంటుంది. "బిడ్డ పడుకున్నప్పుడైనా నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని మొదలుపెట్టండి. తర్వాత ఈ రెండు ప్రశ్నలు: గత రెండు వారాల్లో మనసు దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉంటోందా? ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా? ఏ ఒక్కదానికి అవునన్నా ఏఎన్ఎంకు చెప్పి వైద్యుడికి చూపించండి. జబ్బు పేరు పెట్టడం మన పని కాదు.

చావాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, బిడ్డ గురించి వింతగా మాట్లాడుతున్నా అంతే. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కోసం వెతుకుతుంటే, వాళ్ళతో వాదిస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. మాట సాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి-మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంట్లోవాళ్ళను కలుపుకోవాలంటే బిడ్డ మాటతోనే మొదలుపెట్టాలి. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఈ దారినే పట్టారు. 2008లో వెలువడిన ఆ అధ్యయనంలో, గర్భిణిగా ఉన్నప్పుడే కుంగుబాటు ఉన్న తల్లుల ఇళ్ళకు శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్ళారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి వారిలో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్ళినచోట 53 శాతం. "తల్లి కోలుకుంటే బిడ్డ బాగా పెరుగుతాడు పెద్దమ్మా" అంటే ఏ అమ్మమ్మా కాదనదు. రాత్రి ఒక్కసారైనా బిడ్డను తండ్రి ఎత్తుకోవాలని అప్పుడే ఒప్పించండి. బాలింతకు ఒక చిన్న పని చెప్పండి, తల దువ్వుకుని పది నిమిషాలు అరుగు మీద కూర్చోవడం లాంటిది. "ధైర్యంగా ఉండు" అనే సలహా వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మూడో నెలలోనో ఐదో నెలలోనో బాలింత అత్తవారింటికి బయలుదేరుతుంది. మీ చూపు తప్పేది అక్కడే. ఆమెను అడిగి, సరేనంటే ఆ ఊరి ఆశాకు ఫోను చేయండి. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి ఆ ఇంటికి వెళ్ళవలసింది ఆవిడే. మొదటిసారి నీళ్ళు పోసే వేళకు వెళ్ళమనండి.