పిస్టల్ కొనేముందు ఛాంబర్ సపోర్ట్ ఎలా చూడాలి?

హన్మకొండ, కాజీపేట వైపు లైసెన్స్ పిస్టల్ కొనేవాళ్లు నన్ను ధర, బరువు, గ్రిప్ గురించే అడుగుతారు. బ్యారెల్ తీసి, తూటా కూర్చునే వెనక గది, అంటే ఛాంబర్, అడుగు చూశారా అంటే జవాబు ఉండదు. తూటా అడుగును ఆ గది ఉక్కు ఎంతవరకు పట్టుకుంటుందో అదే ఛాంబర్ సపోర్ట్. ముందు చూడాల్సింది అదే.

మేగజైన్ తీయండి. స్లైడ్ లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో ఒకసారి, చిటికెన వేలితో ఒకసారి చూసుకోండి. తర్వాత బ్యారెల్ విడదీయండి. ఒక టార్చిలైటు, ఆ క్యాలిబర్ డమ్మీ తూటా ఒకటి చాలు. ఎవరు ఇచ్చినా అసలు తూటాతో ఈ పరీక్ష చేయొద్దు.

బ్యారెల్ మూతిని కిందికి పెట్టి డమ్మీని ఛాంబర్‌లోకి వదలండి. పూర్తిగా కూర్చున్నాక ఫీడ్ ర్యాంప్ వైపు, అంటే గడియారంలో ఆరు ఉండే చోట, టార్చి వేసి చూడండి. మేగజైన్ నుంచి తూటా పైకెక్కడానికి అక్కడ ఉక్కును ఏటవాలుగా చెక్కుతారు. ఆ చెక్కుడు ఛాంబర్ లోపలికి పాకితే ఇత్తడి కేసు, అంటే తూటా తొడుగు, బయటికి కనిపిస్తుంది.

ఇక్కడే అందరూ తొందరపడతారు. ఇత్తడి కనిపించగానే పిస్టల్ పనికిరాదనకండి. కేసు అడుగు మందంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ గోడ పలుచనవుతుంది. మందం ఉన్న భాగం ఒక్కటే బయటికుంటే ఫర్వాలేదు. పలుచని గోడ కూడా బయటపడితే ప్రమాదం. చూపుతో ఆ హద్దు తెలియదు కాబట్టి, అదే పిస్టల్‌లో పేల్చిన ఖాళీ కేసులు ఐదారు అడిగి తీసుకోండి. అడుగుకు కాస్త పైన చుట్టూ గోరు తిప్పండి. ఒకే పక్క ఉబ్బు తగిలితే ఆ పిస్టల్ వద్దు.

ఎంపికలో ప్రెషర్, అంటే తూటా పేలినప్పుడు ఛాంబర్‌లో పుట్టే ఒత్తిడి, ముఖ్యం. అమెరికా ప్రమాణాల్లో గరిష్ఠ ప్రెషర్ .32 ఏసీపీ రకం తూటాకి 20,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .45 ఏసీపీకి 21,000. వీటికి కేసు అడుగు కాస్త బయటికుండే పాతకాలపు ఛాంబర్ సరిపోతుంది, తూటా కూడా సాఫీగా ఎక్కుతుంది. .40 ఎస్ అండ్ డబ్ల్యూకి 35,000, .38 సూపర్‌కి 36,500. వీటికి పూర్తి సపోర్ట్ ఉన్న బ్యారెల్ తప్ప ఇంకోటి కొనొద్దు. 1980లలో అమెరికా పోటీ షూటర్లు .38 సూపర్‌లో మందు పెంచి కాలిస్తే కేసుల అడుగులు పగిలాయి. ఆ తర్వాతే అక్కడ ర్యాంప్ బ్యారెల్‌లోనే భాగంగా ఉండి కేసు అడుగును ఎక్కువగా పట్టుకునే బ్యారెళ్లకు మారారు.

తూటా ఇరుక్కుంటోందని ర్యాంప్‌ను ఆకురాయితో రాయించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. నా స్నేహితుడి పిస్టల్‌ను ఒక మెకానిక్ అలాగే రాశాడు. తూటా సాఫీగా ఎక్కింది, ఖాళీ కేసులు మాత్రం ఉబ్బి బయటికొచ్చాయి. బ్యారెలే మార్చాల్సి వచ్చింది. ముందు మేగజైన్ మార్చి చూడండి, తర్వాత గుండ్రటి ముక్కు తూటాలు వాడి చూడండి.

ఉన్న పిస్టల్‌లోనే ఉబ్బు కనిపిస్తే ఆ రోజుకు కాల్పులు ఆపేయండి. ఆ ఖాళీ కేసులు, తూటాల డబ్బా రెండూ పట్టుకుని రిపేరు లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.