బడిలో టీచర్లు లేరు, నిధులు రాలేదంటారు: ప్రభుత్వాన్ని లెక్క అడగడం ఎలా?

"పైనుంచి రాలేదండీ." ప్రభుత్వ బడికి వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా, మండల ఆఫీసుకు వెళ్లినా వినిపించే మాట ఇదే. టీచర్ పోస్టు పైనుంచి రాలేదు, గ్రాంటు పైనుంచి రాలేదు, మందులు పైనుంచి రాలేదు. ఆ పైన ఉన్నదెవరో, వాళ్లు ఎంత ఇవ్వాలో, ఎంత ఇచ్చారో మాత్రం చెప్పరు. అడిగితే కాగితం మీద చెప్పి తీరాలని 2005 నుంచి మనకు సమాచార హక్కు చట్టం ఉంది. ఎలా అడగాలన్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

నా మొదటి సమాచార హక్కు దరఖాస్తులో ఒకే ప్రశ్న రాశాను: "మా బడిలో టీచర్లను ఎందుకు నియమించడం లేదు?" ఇరవై ఎనిమిదో రోజున ఒక్క లైను జవాబు వచ్చింది, మీరు కోరినది సమాచారం నిర్వచనంలోకి రాదని. కోపం వచ్చింది కానీ, చట్టప్రకారం వాళ్లు చెప్పింది సరైనదే. ఆఫీసులో రికార్డుగా ఉన్నదే సమాచారం, దరఖాస్తుదారు కోసం అధికారి కొత్తగా అభిప్రాయాలు తయారు చేసి ఇవ్వనక్కర్లేదు అని సుప్రీంకోర్టు 2011లోనే ఒక తీర్పులో చెప్పింది. 'ఎందుకు' అనేది రికార్డు కాదు. 'ఎన్ని', 'ఎప్పుడు', 'ఏ జీవో ప్రకారం' అనేవి రికార్డులు.

అందుకే ఈ వ్యాసంలో ఒక ప్రాథమిక పాఠశాలను ఉదాహరణగా తీసుకుని, సిబ్బంది, నిధుల లెక్క ఎలా రాబట్టాలో చెప్తాను. ఆస్పత్రికైనా అంగన్‌వాడీకైనా దారి ఇదే.

ముందు రూలు తెలుసుకోండి

ఎంతమంది ఉండాలో తెలియకుండా ఎంతమంది తక్కువో చెప్పలేం. బడి విషయంలో ఇది సులువు, ఎందుకంటే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే అంకెలు ఉన్నాయి. ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉండాలి. పిల్లలు 150 దాటితే హెడ్మాస్టర్ అదనం.

అదే చట్టంలో 26వ సెక్షన్ ఉంది. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఏ ప్రభుత్వ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదని అది చెబుతుంది. నాలుగు పోస్టుల బడిలో ఒక్క ఖాళీ ఉన్నా 25 శాతం. అంటే చిన్న బడిలో చట్టప్రకారం ఒక్క ఖాళీ కూడా ఉండకూడదన్నమాట.

ఆరోగ్య కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు ఉన్నాయి: మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతంలో 20 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వీటికి విద్యాహక్కు చట్టానికి ఉన్నంత బలం లేదు కానీ, పోల్చి చూపడానికి పనికొస్తాయి.

దరఖాస్తు పెట్టకముందే దొరికేవి తీసుకోండి

సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా 17 రకాల వివరాలను ఎవరూ అడగకుండానే బయట పెట్టాలి. అధికారులు, ఉద్యోగుల జాబితా, వాళ్ల నెల జీతాలు, బడ్జెట్ కేటాయింపులు, చేసిన ఖర్చులు అందులోవే. చాలా ఆఫీసుల్లో ఇవి ఏళ్ల నాటివి ఉంటాయి, అయినా ఓసారి చూడండి.

బడికి సంబంధించి యూడైస్ ప్లస్ వెబ్‌సైట్ బాగా పనికొస్తుంది. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. దానితో వెతికితే పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, గదులు, మరుగుదొడ్ల వివరాలు వస్తాయి. ఆ పేజీ ప్రింట్ తీసుకోండి. పంచాయతీ డబ్బు గురించి అయితే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో జమాఖర్చులు కనిపిస్తాయి.

'ఖాళీలు లేవు' అన్న జవాబును నమ్మకండి

కాస్త ఆగి చూడాల్సిన చోటు ఇది. మన ఉదాహరణ బడిలో 96 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. రూలు ప్రకారం నలుగురు టీచర్లు ఉండాలి. ఆఫీసు కాగితంలో 'మంజూరు 4, పనిచేస్తున్నవారు 4, ఖాళీలు 0' అని ఉంటుంది. బడికి వెళ్తే ఇద్దరే కనిపిస్తారు. కాగితం అబద్ధం కాదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు డిప్యుటేషన్ మీద ఏదో ఆఫీసులో పనిచేస్తున్నారు, ఇంకొకరు దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు. ఇద్దరి పోస్టులూ ఈ బడి లెక్కలోనే ఉన్నాయి కాబట్టి ఖాళీ చూపించడానికి వీల్లేదు. ఖాళీ లేదు కాబట్టి కొత్త టీచర్ రారు.

కాబట్టి ఎంతమంది పనిచేస్తున్నారని అడగొద్దు. జీతం ఎక్కడ తీసుకుంటున్నారు, డ్యూటీ ఎక్కడ చేస్తున్నారు అని విడదీసి అడగాలి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప టీచర్లను చదువుతో సంబంధం లేని పనులకు పంపకూడదు. డిప్యుటేషన్ ఉత్తర్వు కాపీ చేతికొస్తే పై అధికారుల దగ్గరకు వెళ్లడానికి ఆ ఒక్క కాగితం చాలు.

ఆస్పత్రుల్లో ఇదే కథ 'ఇన్‌చార్జి' పేరుతో నడుస్తుంది. ఒకే డాక్టర్‌కు రెండు కేంద్రాలు అప్పగించి, రెండు చోట్లా డాక్టర్ ఉన్నట్టు చూపిస్తారు.

నిధుల లెక్క

సమగ్ర శిక్ష పథకంలో బడులకు ఏటా కాంపోజిట్ గ్రాంటు ఇస్తారు, సుద్దముక్కల నుంచి చిన్న రిపేర్ల వరకు అన్నిటికీ కలిపి. పథకం నిబంధనల ప్రకారం 30 మంది పిల్లల వరకు 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 మంది వరకు 50,000. మన 96 మంది బడికి 25,000 రావాలి. ఎంత వచ్చింది అని అడగడంతో పాటు ఏ తేదీన ఖాతాలో పడింది అని కూడా అడగండి. మార్చి నెలాఖరులో పడిన డబ్బు ఆ ఏడాది పిల్లలకు ఎందుకూ పనికిరాదు, కానీ లెక్కల్లో మాత్రం ఇచ్చినట్టే ఉంటుంది.

ఇంకోటి, యూసీ కాపీ. యూసీ అంటే వినియోగ ధ్రువపత్రం, ఇంత డబ్బు ఇందుకు ఖర్చయింది అని ఆఫీసు పైవాళ్లకు రాసిచ్చే కాగితం. దాన్ని పక్కన పెట్టుకుని బడిలో వస్తువులు లెక్కపెట్టడం ఓ మధ్యాహ్నం పని.

పై స్థాయిలో చూడాలంటే రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు ఉన్నాయి. చూడగానే కళ్లు తిరుగుతాయి కానీ, మూడు రకాల గడులు పట్టుకుంటే చాలు: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. పేపర్లో హెడ్డింగుగా వచ్చేది మొదటిది. నిజం చెప్పేది మూడోది, కానీ అది రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. 2025-26 బడ్జెట్ పుస్తకంలో కనిపించే వాస్తవ ఖర్చు 2023-24ది. అంత పాతదైనా ప్రకటించినదానికీ ఖర్చుపెట్టినదానికీ తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది. ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదికలు కూడా ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో మీ జిల్లా పేరు ఉందేమో వెతకండి.

దరఖాస్తు ఇలా రాయండి

తెల్లకాగితం చాలు, తెలుగులో రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(2) ఆ మాట స్పష్టంగా చెబుతుంది. 'పౌర సమాచార అధికారి, మండల విద్యాధికారి కార్యాలయం' అని సంబోధించి, బడి పేరు, కోడ్ రాసి, ఇలా అడగండి:

1. పై పాఠశాలకు 1-6-2025 నాటికి మంజూరైన ఉపాధ్యాయ పోస్టుల సంఖ్య, కేటగిరీవారీగా. ఆ మంజూరు ఉత్తర్వుల నకలు.

2. అదే తేదీ నాటికి ఈ పోస్టులపై జీతం పొందుతున్నవారి సంఖ్య. వారిలో ఈ పాఠశాలలోనే విధులు నిర్వహిస్తున్నవారు, డిప్యుటేషన్‌పై ఉన్నవారు, 30 రోజులకు మించి సెలవులో ఉన్నవారు ఎందరో విడివిడిగా. డిప్యుటేషన్ ఉత్తర్వుల నకళ్లు.

3. ఖాళీగా ఉన్న ప్రతి పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీగా ఉందో, దాని భర్తీ కోసం పై అధికారులకు పంపిన లేఖల నకళ్లు.

4. 2024-25లో విడుదలైన కాంపోజిట్ గ్రాంటు మొత్తం, ఖాతాలో జమ అయిన తేదీ, వినియోగ ధ్రువపత్రం నకలు.

ఇంతే. పాతిక ప్రశ్నలు గుప్పిస్తే, సమాచారం సేకరించడానికి ఆఫీసు వనరులన్నీ పోతాయన్న సాకు వాళ్లకు మనమే అందించినట్టు. మనుషుల పేర్లు కూడా అడగలేదు, గమనించారా? వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే 8(1)(జె) క్లాజును 2023 నాటి డేటా రక్షణ చట్టం ఇంకా బిగించింది. పోస్టు పేరుతో అడిగితే ఆ గొడవ రాదు. అయినా నిరాకరిస్తే, ప్రజాప్రయోజనం ఎక్కువైనప్పుడు ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్‌ను అప్పీలులో గుర్తు చేయండి.

మూడో ప్రశ్న నాకు చాలా ఇష్టం. 'మేం రాస్తూనే ఉన్నామండీ, పైవాళ్లే పట్టించుకోవడం లేదు' అంటారు కదా, ఆ రాసిన ఉత్తరాలు చూపించమంటున్నాం. ఒక్కోసారి నిజంగానే కట్టలు కట్టలు ఉంటాయి. అప్పుడు కింది అధికారి మీ వైపు మనిషి అని తెలుస్తుంది.

ఫీజు, గడువు

తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉన్న దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు ఫీజే లేదు, రుజువుగా నకలు జత చేస్తే సరి. చేత్తో ఇస్తే మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. 'తర్వాత వేస్తాం, ఇచ్చి వెళ్లండి' అంటే కదలొద్దు. మరీ ఇబ్బందైతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. గడువు లెక్కంతా ఆ తేదీ మీదే నడుస్తుంది.

జవాబుకు 30 రోజులు. తప్పు ఆఫీసుకు పంపినా కంగారు పడక్కర్లేదు, 5 రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాల్సింది వాళ్లే. గడువు దాటిందంటే ఆ తర్వాత ఇచ్చే కాపీలన్నీ ఉచితంగా ఇవ్వాలి.

రాకపోతే, వచ్చినా సగం సగం ఉంటే, 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అది 30 రోజుల్లో, మరీ అయితే 45 రోజుల్లో తేలాలి. తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. నిజం చెప్పాలంటే కమిషన్ దగ్గర నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. అందుకే మొదటి అప్పీలు గట్టిగా, ఒక పేజీలో, ఏ ప్రశ్నకు జవాబు రాలేదో అంకెలు వేసి రాయండి. చాలావరకు అక్కడే తెగుతుంది.

కాగితాలు మరీ ఎక్కువైతే రికార్డుల తనిఖీ కోరండి. చట్టం అందుకూ హక్కు ఇచ్చింది. ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు తిరగేసి, కావాల్సిన పేజీలే కాపీ తీసుకోవచ్చు.

జవాబు చేతికొచ్చాక

చాలామంది దీన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటారు. అది అసలు పని కాదు. ముందు బడి యాజమాన్య కమిటీ సమావేశంలో పెట్టండి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది, తీర్మానం చేయించడం కష్టం కాదు. ఆ బడిలో మిగిలిన ఆ ఇద్దరు టీచర్ల మీద మాత్రం అరవకండి. లేనివాళ్ల పని కూడా మోస్తున్నది వాళ్లే.

తీర్మానం, సమాచార హక్కు జవాబు, యూడైస్ ప్రింటు, మూడూ కలిపి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో. అర్జీలో ఒకటే కోరండి: 'ఫలానా తేదీ డిప్యుటేషన్ ఉత్తర్వు రద్దు చేసి, ఆ టీచర్‌ను బడికి పంపండి.' సమస్య మొత్తం వివరించిన అర్జీ కంటే సంతకం పెట్టడానికి వీలుగా ఉన్న అర్జీ త్వరగా కదులుతుంది. ఒక కాపీ ఎమ్మెల్యేకూ ఇవ్వండి. అసెంబ్లీలో ప్రశ్న వేయాలంటే వాళ్లకు కావాల్సింది కూడా ఇలాంటి అంకెలే.

అర్జీ నంబరు జాగ్రత్త చేసుకోండి. నెల తర్వాత కూడా ఏమీ కదలకపోతే అదే నంబరు వేసి మళ్లీ ఓ దరఖాస్తు పెట్టండి, ఈసారి కలెక్టరేట్‌కు, 10 రూపాయలతో: 'పై అర్జీపై తీసుకున్న చర్యల వివరాలు, ఫైలులోని నోట్ పేజీల నకళ్లు ఇవ్వగలరు.' ఆ నోట్ పేజీల్లో ఫైలు ఎవరి టేబుల్ మీదికి ఏ రోజు వచ్చిందో, ఎన్ని రోజులు అక్కడే ఉందో సంతకాలు, తేదీలతో సహా ఉంటుంది.