జర్మన్ షెపర్డ్ బొచ్చును ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

ఫ్యాను వేయగానే సోఫా కింద నుంచి బూడిదరంగు ఉండలు దొర్లుకుంటూ వస్తున్నాయంటే ఆ ఇంట్లో జర్మన్ షెపర్డ్ ఉన్నట్టే. మన పెద్దవాళ్లు ఇప్పటికీ అల్సేషియన్ అనే కుక్క ఇదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ‘జర్మన్’ అన్న మాట గిట్టక బ్రిటన్‌లో వాడిన పేరు మనదాకా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పేరేదైనా బొచ్చు ఏడాది పొడుగునా రాలుతుంది, ఆపడం ఎవరి వల్లా కాదు. అది సోఫా మీద రాలాలా, బ్రష్‌లోకి రావాలా అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ముందు క్షవరం ఆలోచన మానుకోండి

1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఈ జాతిని నమోదు చేయడం మొదలుపెట్టింది గొర్రెల మందలు కాసే కుక్కలతోనే. వానలో, చలిలో బయట తిరిగే పని కాబట్టి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన గరుకు వెంట్రుకలు నీళ్లను జార్చేస్తాయి. కింద బూరుగు దూదిలాంటి మెత్తటి లోబొచ్చు ఉంటుంది. గుప్పెళ్లకొద్దీ ఊడేది ఎక్కువగా ఈ లోపలిదే.

మా టైగర్‌కి మొదటి మే నెలలో నేను చేసిన పొరపాటు చెప్తాను. విజయవాడ ఎండకు పాపం ఎలా తట్టుకుంటాడని ఒక షాపులో మిషన్‌తో నున్నగా తీయించాను. వాడి రొప్పు ఏమీ తగ్గలేదు. కుక్క ఒంటికి చల్లదనం వచ్చేది మనలా చెమట పట్టి కాదు, ఎక్కువగా నాలుక బయటపెట్టి రొప్పడం వల్ల. పైగా ఎండ నేరుగా చర్మానికి తగిలి వీపు ఎర్రబడింది. బొచ్చు తిరిగి వచ్చింది కానీ నడుం దగ్గర చాలా నెలలు అతుకులు వేసినట్టే ఉండేది. చచ్చిన లోబొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది. వేసవికి అది చాలు.

1. దువ్వడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. మూడు వస్తువులు కావాలి: లోబొచ్చు తీసే రేక్, సన్నటి తీగల స్లిక్కర్ బ్రష్, ఒక స్టీలు దువ్వెన. మామూలు రోజుల్లో వారానికి మూడుసార్లు, పావుగంట చొప్పున దువ్వాలి. ఏడాదికి రెండుసార్లు, కాలం మారేటప్పుడు ఒక్కసారిగా ఊడుతుంది. అప్పుడు రోజూ తప్పదు.

చాలామంది వీపు మీద నాలుగుసార్లు బ్రష్ లాగి అయిపోయిందనుకుంటారు. పైపైన నిగనిగలాడుతుంది, లోపల దూది అలాగే ఉంటుంది. కుక్కను పక్కకి పడుకోబెట్టండి. ఎడమచేత్తో తొడ మీది బొచ్చును పైకి నొక్కిపెడితే అడుగున చర్మం తెల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నుంచి కుడిచేత్తో కొద్దికొద్దిగా కిందికి దువ్వండి. ఆ వరస అయ్యాక గీతను ఒక అంగుళం పైకి జరపండి. ఇలా తొడల నుంచి మెడ దాకా వెళ్లాలి. బరబరా గీకొద్దు, చర్మం కందిపోతుంది. పని అయిందో లేదో స్టీలు దువ్వెన చెప్తుంది: మొదలు నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా జారిందంటే అయినట్టే.

చెవుల వెనక, తొడల వెనక చిక్కులు పడతాయి. కత్తెర పెట్టొద్దు, చిక్కులోకి చర్మం కూడా లాక్కుని ఉంటుంది, తెగుతుంది. మొదలు దగ్గర రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, చివర నుంచి దువ్వెన పళ్లతో మెల్లగా విప్పండి.

2. స్నానం

నెలకో, రెండు నెలలకో ఒకసారి చాలు. స్నానానికి ముందు దువ్వాలి, లేకపోతే తడికి చిక్కులు బిగుసుకుపోతాయి. గోరువెచ్చటి నీళ్లు పోస్తుంటే పైనుంచే జారిపోతాయి, అందుకని బొచ్చులోకి వేళ్లు పెట్టి ఎదురు తోస్తూ తడపండి. మన షాంపూ వద్దు. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్క చర్మానికి తక్కువ. కుక్కల షాంపూనే మగ్గులో నీళ్లు కలిపి వాడండి. నురగ పోయిందనిపించాక ఇంకో నాలుగు మగ్గులు పొయ్యండి, ముఖ్యంగా పొట్ట కింద, చంకల్లో. నీళ్లు పోయే జాలీ మీద ఒక పాత బట్ట వేస్తే ప్లంబర్ ఖర్చు మిగులుతుంది.

3. ఆరబెట్టడం

వానాకాలంలో దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఇబ్బందే. పైన పొడిగా కనిపిస్తూ మొదళ్లు తడిగా ఉండిపోతే, అక్కడ దురద పుట్టి, కుక్క నాకి నాకి ఒక్క రాత్రిలోనే ఎర్రగా రసి కారే పుండు చేసుకోగలదు. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి, తర్వాత ఫ్యాను కింద కూర్చోబెట్టండి. డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే పెట్టాలి. మొదళ్లలో వేలు పెట్టి చూసి తడి తగలకపోతేనే వదలండి.

4. గోమార్లు

వీటినే పిడుదులనీ అంటారు. చెవి లోపలి మడతల్లో, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద వెతకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగాలి. వేళ్లతో చిదమొద్దు, స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. కిరోసిన్ రాయడం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే విషం. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలు ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి మందు విషయం డాక్టరునే అడగండి. బొచ్చు గుండ్రంగా ఊడి చర్మం బయటపడినా అంతే, అది బ్రష్‌తో తేలే పని కాదు.

5. గోళ్లు

టెన్షన్ పడేది ఇక్కడే. ఈ జాతికి గోళ్లు సాధారణంగా నల్లగా ఉంటాయి, లోపలి రక్తనాళం బయటికి కనిపించదు. కొసలు మాత్రమే పలచగా తీస్తూ పోండి. తెగిన చోట మధ్యలో నల్లటి చుక్క కనిపించగానే ఆపేయాలి. రక్తం వస్తే కొంచెం కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు నొక్కిపట్టండి. ముందుకాళ్లకు లోపలివైపు పైన ఒక గోరుంటుంది. అది నేలకు తగలదు, అరగదు, మర్చిపోతే వంపు తిరిగి చర్మంలోకి గుచ్చుకుంటుంది. నాలుగు కాళ్లూ ఒకేసారి అయిపోవాలని ఏమీ లేదు. మా టైగర్ ఒక కాలు ఇచ్చి, బిస్కెట్ తీసుకుని, లేచి వెళ్లిపోతాడు. మిగతావి రేపటికి.