కుందేలు కుంటుతోందా? మందు సంగతి తర్వాత, ముందు వేళ్ల మధ్య బొచ్చు విడదీసి చూడండి

"పిన్నీ, మా ఠేకువా కుంటుతోంది, ఏం మందు రాయమంటావు" అంటూ మా వీధి పిల్లలు కుందేల్ని ఒళ్లో పెట్టుకుని వచ్చేస్తారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇక్కడ మా తెలుగు పిల్లలకి కూడా కుందేలు అనే మాట కన్నా ఒడియా మాటే ముందు నోటికొస్తుంది. నేను అడిగేది ఒకటే, పాదం తిప్పి చూసారా, వేళ్ల మధ్య చూసారా అని. చూడరు. బెణికిందనుకుని పసుపు రాస్తారు, నూనె మర్దనా చేస్తారు, ఇంట్లో జ్వరం బిళ్ల ఉంటే అరముక్క నీళ్లలో కలిపి పట్టేస్తారు. రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోయే దానికి ఆ ప్రాణి వారం రోజులు నొప్పి పడుతుంది.

ఎలా ఎత్తుకోవాలో, వెనక కాళ్ల కింద చెయ్యి ఎలా వెయ్యాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం చెప్తా, చూసేటప్పుడు మంచం మీదో బల్ల మీదో కాదు, నేల మీద కూర్చుని తువ్వాలు చుట్టి చూడండి, గింజుకుని దూకినా పడదు.

కాలు అసలు కింద పెట్టట్లేదు, వేలాడుతోంది, లేదా వెనక రెండు కాళ్లూ ఈడుస్తోంది

ఇది ఇంట్లో చూసేది కాదు. కుందేలు ఎముకలు చాలా తేలిక, దాని మొత్తం బరువులో 8 శాతం దాకానే ఉంటాయి, తొడల్లో బలం మాత్రం విపరీతం, గట్టిగా తన్నితే దాని నడుము అదే విరగ్గొట్టుకోగలదు. కాలు సరిచెయ్యాలని లాగొద్దు, పుల్లలు కట్టొద్దు. అట్టపెట్టెలో అడుగున మెత్తగా వేసి, కదలకుండా రెండు పక్కలా బట్ట దూర్చి, పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లిపోండి.

కుంటుతోంది, తిండి కూడా మానేసింది

అయితే కాలు కన్నా కడుపు పెద్ద ప్రమాదం. నొప్పి ఉంటే కుందేలు అరవదు, మూల ముడుచుకుని కూర్చుంటుంది, పళ్లు గట్టిగా కొరుకుతుంది, గడ్డి మానేస్తుంది. గడ్డి మానేస్తే పేగులు ఆగిపోతాయి. 12 గంటలు తినకుండా, పెంటికలు వెయ్యకుండా ఉంటే అది ఎమర్జెన్సీ, పొద్దున్నే చూద్దాంలే అనొద్దు.

తింటోంది, తిరుగుతోంది, కానీ ఒక కాలు మీద బరువు వెయ్యట్లేదు

ఎక్కువ మందికి వచ్చేది ఇదే. ముందు గోళ్లు చూడండి, ముందు కాళ్లకి అయిదేసి, వెనక కాళ్లకి నాలుగేసి, మొత్తం 18. పెరిగిన గోరు గూడు జాలీలో ఇరుక్కుని చీలితే కుంటుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో అయిదు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి, ఆగకపోతే కాస్త గోధుమపిండి అద్ది మళ్లీ నొక్కండి. తర్వాత మడమ చూడండి. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదం కింద మెత్త ఉండదు, బొచ్చే దానికి చెప్పు. కోళ్ల గూడులో ఇనప జాలీ మీద పెంచితే ఆ బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, పుండవుతుంది. జాలీ మీద చెక్క పలక వేసి, దాని మీద ఎండు వరిగడ్డి మందంగా పరిచి, తడిసినప్పుడల్లా మార్చండి. ఎర్రదనం మాత్రమే ఉంటే నెమ్మదిగా తగ్గుతుంది, పుండు పడితే డాక్టరు చూడాలి.

గోళ్లూ బాగున్నాయి, మడమా బాగుంది, ఎముక విరిగినట్టు లేదు, అయినా కుంటుతూనే ఉందంటే ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదవండి, దీని వల్లే నా మొదటి కుందేలు ఒక వేలు పోగొట్టుకుంది.

వేలికి చుట్టుకున్న నార పోగు

మా వైపు ప్రతి ఇంట్లో గోనె సంచులు ఉంటాయి, బియ్యం బస్తా ఖాళీ అవగానే చింపి కుందేలు గూట్లో పరుస్తాం, మూత్రం పీలుస్తుంది, మెత్తగా ఉంటుంది, డబ్బు పెట్టక్కర్లేదు. నేనూ అదే చేసాను. కుందేలుకి తవ్వడం, కొరకడం అలవాటు కదా, చింపిన అంచు దగ్గర పోగులు లేస్తాయి, అది తవ్వుతున్నప్పుడు ఒక్క పోగు వేలికి చుట్టుకుంటుంది, లాక్కునే కొద్దీ బిగుస్తుంది. పైన బొచ్చు కప్పేస్తుంది కాబట్టి బయటికి ఏమీ కనపడదు. ప్లాస్టిక్ బస్తా ఇంకా ప్రమాదం, ఆ పోగు తెగదు కూడా.

నాది గోధుమరంగు కుందేలు, గోనె పోగు కూడా అదే రంగు. కుడి వెనక కాలు కొంచెం ఎత్తి పెట్టేది. బెణికిందనుకున్నాను, తిరగనివ్వకుండా గూట్లోనే ఉంచాను, సుఖంగా ఉంటుందని రోజూ కొత్త గోనె పరిచాను. పగలంతా ఆ ఒక్క వేలే నాకుతూ ఉండేది, అక్కడ బొచ్చు తడిసి ముద్దకట్టేది, అది చూసి కూడా నాకు తట్టలేదు. ఆరో రోజు వాసన వచ్చింది. బొచ్చు విడదీస్తే వేలు నల్లగా, చల్లగా ఉంది, వేలి మొదట్లో సూది మొనంత సన్నటి గాడి, దానిలో ఆ పోగు. డాక్టరు గారు వేలు తీసెయ్యక తప్పలేదు. కొత్త గోనె సర్దుతూ అయిదు రోజులు దాని పక్కనే కూర్చున్నదాన్ని నేను, టార్చి వేసి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎలా కనిపెట్టాలంటే, గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి ఆ పాదం బాగా తడపండి. పొడి బొచ్చులో పోగు కనపడదు, తడిస్తే బొచ్చు చర్మానికి అతుక్కుపోతుంది, పోగు విడిగా తేలుతుంది. ఫోను టార్చి పక్కనుంచి వేసి ఒక్కో వేలు మొదలు దాకా విడదీసి చూడండి, రెండో కాలి అదే వేలు పక్కన పెట్టి పోల్చండి. బెణికిన వాపు నెమ్మదిగా పైకి కలిసిపోతుంది, పోగు వాపు ఉంగరం పెట్టినట్టు ఒక గీత దగ్గర టక్కున ఆగుతుంది. గోరు తెల్లగా ఉన్న కుందేలైతే టార్చి వెలుగులో గోట్లో గులాబీరంగు నరం కనపడుతుంది, అది నీలంగానో నల్లగానో ఉంటే రక్తం ఆడట్లేదని అర్థం.

పోగు పైపైనే ఉండి, కుట్టుపని కత్తెర మొన దాని కిందకి సులువుగా దూరితే కత్తిరించండి. కొస పట్టుకుని లాగొద్దు, ఇంకా బిగుస్తుంది. ఒక చుట్టు తెగితే అయిపోయిందనుకోకండి, రెండు మూడు చుట్లు ఉండొచ్చు, మళ్లీ తడిపి మళ్లీ చూడండి. చర్మంలోకి దిగిపోతే, వేలు చల్లగా ఉంటే, మీరు కెలకొద్దు, అదే రోజు డాక్టరు. తీసాక మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడిగి, బెటాడిన్ నీళ్లలో కలిపి పల్చటి టీ రంగు వచ్చాక దూదితో అద్దండి. ఆయింట్‌మెంట్ వద్దు, నాకేస్తుంది. కట్టు అసలే వద్దు, జారి బిగిస్తే మళ్లీ అదే పోగు కథ. వానాకాలంలో పుండు మీద ఈగ గుడ్లు పెడితే చాలా త్వరగా పురుగు పడుతుంది, రోజుకి రెండుసార్లు చూడండి.

మందుల గురించి

మన బిళ్లలు ఏవీ వెయ్యొద్దు. నొప్పికి డాక్టర్లు మెలాక్సికామ్ ఇస్తుంటారు, డోసు మాత్రం కుందేలు తూచి వాళ్లే చెప్పాలి. ఇంట్లో మిగిలిన పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ పొరపాటున కూడా పట్టొద్దు, నోటి ద్వారా వెళ్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి కుందేలే పోతుంది. ఆవులూ గేదెలూ ఎక్కువగా చూసే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "సార్, దీనికి నోటితో ఇచ్చే పెన్సిలిన్ జాతి మందు పడదు కదా" అని మర్యాదగా గుర్తు చెయ్యండి, తప్పేం లేదు. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు, ఒడిశాలోనైనా ఆంధ్రాలోనైనా అదే నంబరు. ఆపరేషన్ దాకా వస్తే మా వైపు వాళ్లకి భువనేశ్వర్ కన్నా విజయనగరం జిల్లా గరివిడిలోని వెటర్నరీ కాలేజీ దగ్గర. ఎండాకాలం అయితే తెల్లవారుజామునే బయల్దేరండి, 30 డిగ్రీలు దాటితే కుందేలు తట్టుకోలేదు.

తల ఒక పక్కకి వాలిపోయి వెనక కాళ్లు బలహీనంగా ఉంటే అది పరాన్నజీవి జబ్బు కావచ్చు, పిల్లప్పటి నుంచే కాలు పక్కకి చాపి ఉంటే అది పుట్టుక లోపమో, నున్నటి నేల మీద పెరిగిందో అయి ఉంటుంది. ఇవి డాక్టరుకే వదిలెయ్యండి.

పోగు దొరికిందంటే గూట్లో ఉన్న గోనె మొత్తం ఆ రోజే తీసెయ్యండి, చుట్టూ ఇంత వరిగడ్డి దొరికే ఊళ్లలో గోనె అవసరమే లేదు. అదే కుందేలుకి మిగతా మూడు కాళ్లు కూడా తడిపి చూడండి, దాని జత కుందేలు కూడా అదే గోనె మీద పడుకుంది కాబట్టి, అది కుంటకపోయినా దాని వేళ్లు కూడా చూడండి.