పెన్సిల్ సెల్ కంట్రోలర్లు: చార్జింగ్ సెల్స్ ఎంపికలో సమస్యలు - పరిష్కారాలు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరైనా దుకాణంలో "పెన్సిల్ సెల్స్ రెండు ఇవ్వండి" అని మాత్రమే అడిగితే, తరచుగా మన చేతికి వచ్చేవి గోడ గడియారానికీ టీవీ రిమోట్‌కూ సరిపోయే చవక జింక్ కార్బన్ సెల్స్. వాటితో ఎక్స్‌బాక్స్ అనే వీడియో గేమ్ యంత్రపు కంట్రోలర్‌ను నడిపి, అవి నిలవకపోవడంతో చార్జింగ్ సెల్స్‌కు మారి, అక్కడా ఏదో ఒక ఇబ్బంది ఎదురై, చివరకు కంట్రోలరే పాడైందని తేల్చేసినవారు మా ఇంట్లోనే ఉన్నారు. చాలా సందర్భాల్లో అసలు తప్పు సెల్ మీద అచ్చువేసిన పెద్ద అంకెను నమ్మి కొనడంలోనూ, చార్జర్‌ను లెక్కలోకి తీసుకోకపోవడంలోనూ ఉంటుంది. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌లో లిథియం బ్యాటరీని లోపలే బిగించి ఇస్తారు కనుక ఈ వివరాలు దానికి వర్తించవు.

లక్షణం: నిండా చార్జ్ చేసి వేసినా బ్యాటరీ గుర్తు సగమే చూపడం

సెల్‌లో ఎంత శక్తి మిగిలిందో కంట్రోలర్ నేరుగా కొలవలేదు. వోల్టేజీని చూసి అంచనా కడుతుంది. ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టుల దగ్గర మొదలై మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ చార్జింగ్ సెల్ మాత్రం చార్జర్ నుంచి తీసిన కొద్దిసేపటికే 1.2 వోల్టుల ప్రాంతానికి చేరి, దాదాపు అయిపోయేదాకా అక్కడే నిలిచి, ఆ తరువాత ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్కలైన్ లెక్కతో గుర్తును చూపే పరికరానికి ఈ 1.2 వోల్టులు సగం ఖాళీ అయిన సెల్‌లా కనబడుతుంది. ఇక్కడ బాగుచేయవలసినది ఏమీ లేదు. గుర్తును వదిలేసి, ఒక చార్జింగ్‌కు ఎన్ని గంటలు ఆడగలిగారో రెండు మూడుసార్లు రాసి పెట్టుకుంటే అదే సరైన కొలత. గుర్తు సగం చూపిందని సెల్స్‌ను దుకాణానికి తిరిగి పట్టుకెళ్లనవసరం లేదు.

లక్షణం: వైబ్రేషన్ వచ్చిన క్షణంలోనే కంట్రోలర్ ఆగిపోవడం

వైబ్రేషన్ మోటార్లు తిరిగేటప్పుడు కరెంటు వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. అంతర్గత నిరోధం, అంటే కరెంటుకు సెల్ లోపలే ఎదురయ్యే అడ్డంకి, ఎక్కువగా ఉన్న సెల్ ఆ వాడకానికి తట్టుకోలేక వోల్టేజీ కుంగి, కంట్రోలర్ ఆరిపోతుంది. జింక్ కార్బన్ సెల్స్‌కు ఇది పుట్టుకతో వచ్చిన లోపమైతే, పాతబడిన చార్జింగ్ సెల్స్‌కు వయసుతో వచ్చిన లోపం. సెట్టింగ్స్‌లో వైబ్రేషన్ తీసేసి ఆడి చూడండి; అప్పుడు గంటల తరబడి నిలిస్తే సెల్స్ బలహీనపడ్డాయనో, సెల్స్ తగిలే రేకుల దగ్గర అడ్డంకి ఉందనో అర్థం.

రేకుల విషయం మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి ఇనుప తలుపులే నిలవవు; పలుచని రేకుల మాట వేరే చెప్పాలా? రేకు మీద తెల్లని లేదా పచ్చని పొరలా పేరుకుంటే, ముందు సెల్స్ తీసి, దూదిపుల్లను కొద్దిగా వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో అద్ది తుడవాలి. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కనుక పుల్లనిది దానిని విరిచేస్తుంది. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకూడదు. పై పూత పోతే ఆ రేకు మరింత త్వరగా తుప్పు పడుతుంది.

లక్షణం: చార్జ్ చేసి సొరుగులో పెట్టిన సెల్స్ కొన్ని వారాలకే ఖాళీ కావడం

పాత రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఊరికే ఉన్నా తమంతట తాము చార్జ్ పోగొట్టుకుంటాయి. వేడి పెరిగే కొద్దీ ఆ నష్టం కూడా పెరుగుతుంది. దీనికి విరుగుడుగా 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తక్కువ స్వయం విసర్జన గల, అంటే ఊరికే ఉన్నప్పుడు చార్జ్ అంతగా పోగొట్టుకోని, సెల్స్‌ను తెచ్చింది; ఆ పేరు ఇప్పుడు పానసోనిక్ చేతిలో ఉంది. ఇతర తయారీదారుల సెల్స్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద "ముందే చార్జ్ చేసినవి" అన్న మాట ఉందో లేదో చూడండి. సాధారణంగా ఈ రకం సెల్స్‌కే ఆ మాట రాస్తారు.

ఎంపికలో ఎక్కువమంది పొరపాటు పడేది ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అంకె దగ్గరే. సాధారణ ఎనెలూప్ సుమారు 2000 ఎంఏహెచ్ సెల్, దానిని 2100 సార్ల వరకు చార్జ్ చేయవచ్చని తయారీదారు చెబుతారు. 2500 ఎంఏహెచ్ ప్రో రకానికి ఆ సంఖ్య 500 మాత్రమే. అంటే పాతిక శాతం అదనపు ఆట సమయం కోసం సెల్ ఆయుష్షులో నాలుగింట మూడు వంతులకు పైగా వదులుకుంటున్నాము. కంట్రోలర్‌కు 2000 ఎంఏహెచ్ సెల్స్ చాలునన్నది నా అభిప్రాయం. పెన్సిల్ సెల్ పరిమాణంలో నికెల్ మెటల్ హైడ్రైడ్ సామర్థ్యం 2700, 2800 ప్రాంతంలో ఆగిపోతుంది కాబట్టి, 3000 దాటిన అంకె కనిపిస్తే దానిని అచ్చుయంత్రం సామర్థ్యంగా భావించండి. నేనూ ఒకసారి 3800 అని రాసి ఉన్న సెల్స్ నాలుగు కొన్నాను. సామర్థ్యం కొలిచే చార్జర్‌లో పెడితే ఒక్కటీ వెయ్యి దాటలేదు. అరచేతిలో పెట్టినప్పుడే అవి తేలికగా తోచాయి, కానీ అప్పుడు అనుమానించే తెలివి లేకపోయింది. మంచి సెల్ సుమారు 26, 27 గ్రాములు తూగుతుంది.

లక్షణం: జతలో ఒక సెల్ తరచూ ముందుగా చచ్చిపోవడం, లేదా చార్జర్‌లో బాగా వేడెక్కడం

కంట్రోలర్‌లో రెండు సెల్స్ ఒకదాని వెనుక ఒకటిగా కలిసి పనిచేస్తాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే పాతది ముందు ఖాళీ అయినా, కొత్తది దాని గుండా కరెంటును నెట్టుతూనే ఉండి, చివరకు పాత సెల్ ధ్రువాలు తిరగబడేదాకా తెస్తుంది. ఆ దెబ్బ తిన్న సెల్ మళ్లీ కోలుకోవడం అరుదు. అందువల్ల ఒకేసారి కొన్న రెండింటికీ ఒకే అక్షరం మార్కర్‌తో రాసి, ఆ జతను ఎప్పుడూ విడదీయకండి.

జతను ఇంత జాగ్రత్తగా చూసుకున్నా, చవక చార్జర్ దానిని పాడుచేయగలదు. అది రెండు సెల్స్‌ను ఒకే తీగపై కట్టి, ఎంత నిండిందో చూడకుండా కరెంటు పోస్తూనే ఉంటుంది. 200 మిల్లీ ఆంపియర్లతో 2000 ఎంఏహెచ్ సెల్ నిండడానికి నష్టాలతో కలిపి 14 నుంచి 16 గంటలు పడుతుంది. ఎవరు గుర్తుపెట్టుకుని తీస్తారు? గంటల లెక్కతో ఆగే చార్జర్‌కు మన కరెంటు కోతలతో ఇంకో చిక్కు ఉంది: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది లెక్కను మొదటి నుంచి ప్రారంభించి, అప్పటికే నిండిన సెల్‌ను మళ్లీ ఉడికిస్తుంది. నిండిన సెల్ వోల్టేజీ శిఖరానికి చేరి కొన్ని మిల్లీవోల్టులు కిందికి దిగుతుంది; ప్రతి సెల్‌ను విడిగా గమనించి ఆ దిగుదలను పసిగట్టి ఆగే చార్జర్‌నే కొనండి, 500 నుంచి 1000 మిల్లీ ఆంపియర్ల మధ్య నడపండి. డబ్బు పరిమితమైతే సెల్స్ తగ్గించి చార్జర్ మీద పెట్టడం మేలు. మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద చార్జ్ చేయకుండా, రాత్రి చల్లబడ్డాక పెట్టడం మంచిది.

లక్షణం: యూఎస్‌బీ తీగ రాత్రంతా పెట్టినా సెల్స్ చార్జ్ కాకపోవడం

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ మామూలు పెన్సిల్ సెల్స్‌ను లోపల ఉంచి చార్జ్ చేయదు. ఆ తీగ కంట్రోలర్‌ను నడుపుతుంది. దానితో చార్జ్ అయ్యేది అందుకోసం విడిగా అమ్మే బ్యాటరీ ప్యాక్ మాత్రమే.

లక్షణం: గుర్తు చివరిదాకా నిండుగా చూపి, హెచ్చరిక లేకుండా ఆరిపోవడం

ఇవి 1.5 వోల్టుల లిథియం చార్జింగ్ సెల్స్ అయి ఉంటాయి. లోపలి సర్క్యూట్ వోల్టేజీని చివరిదాకా సమంగా నిలిపి, ఒక్కసారిగా ఆపేస్తుంది. వాటికి వాటి చార్జరే వాడాలి. నికెల్ మెటల్ హైడ్రైడ్ చార్జర్‌లో పెట్టకూడదు. ఇదే ఆకారంలో 14500 అనే పేరుతో దొరికే 3.7 వోల్టుల లిథియం సెల్‌ను కంట్రోలర్‌లో ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. రెండు కలిస్తే ఏడు వోల్టులు దాటి సర్క్యూట్ కాలిపోవచ్చు.

పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే కంట్రోలర్ తానే ఆగిపోవడం దాని స్వభావమే, లోపం కాదు. పైవన్నీ సరిచూసుకున్నా ఇబ్బంది తీరకపోతే, కొత్త ఆల్కలైన్ జత ఒకటి వేసి ఒక సాయంత్రం ఆడి చూడండి. దానితోనూ ఆగిపోతే ఇక సెల్స్‌ను వదిలేసి కంట్రోలర్‌ను మరమ్మతుకు ఇవ్వాలి.